మన ఊళ్ళ మీద తీసిన చిత్రాలు మన ఊళ్ళలో ఆడాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. డాక్యుమెంటరీ చిత్రాలకు మళ్ళీ ఆదరణ పెరుగుతోందని, ఓటీటీల పుణ్యమా అని వాటికి కొత్త ప్రేక్షకులు దొరుకుతున్నారని ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. నేరాల మీద, క్రికెటర్ల మీద, సినీతారల పెళ్ళిళ్ళ మీద తీసిన చిత్రాల వరకు ఆ మాట నిజమే. మతం పేరుతోనో కులం పేరుతోనో చీలిపోయిన ఒక ఊరికి వెళ్ళి, అక్కడి పండుగలనూ పనిపాటలనూ పార్టీల నడతనూ నెలల తరబడి గమనించి తీసే చిత్రాల పరిస్థితి వేరు. వాటిని తీసేవాళ్ళు ఉన్నారు, చలనచిత్రోత్సవాలకు ఎంపిక చేసేవాళ్ళు ఉన్నారు, విశ్వవిద్యాలయాల్లో వాటి మీద పరిశోధనలు చేసేవాళ్ళూ ఉన్నారు. ఏ ఊరి మీద తీశారో ఆ ఊరివాళ్ళకు మాత్రం అవి చాలావరకు చేరవు. మన హైదరాబాద్ విషయంలో ఈ లోపం ఎంత పెద్దదో మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించడం, శాసనసభ్యులను కర్ణాటకకు తరలించి కాపాడుకోవడం, రాష్ట్రమంతా జనం రోడ్ల మీదికి రావడం, సరిగ్గా నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి కావడం, ఇవన్నీ మన ఇళ్ళలో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ నెలలోనే, గణేశ్ నిమజ్జనం రోజుల్లో, నగరంలో చెలరేగిన మతకలహాల గురించి, పోయిన ప్రాణాల గురించి, పాతబస్తీ మీద విధించిన కర్ఫ్యూ గురించి చెప్పుకునేవాళ్ళు తక్కువ. నెల అదే, నగరం అదే. అసెంబ్లీలో బలపరీక్ష జరుగుతుందా లేదా అని రాష్ట్రమంతా ఎదురుచూస్తున్న రోజుల్లోనే మూసీ అవతల ఇళ్ళకు నిప్పంటుకుంది. అయినా మొదటిది రాజకీయ చరిత్రగా పాఠ్యపుస్తకాల దాకా వెళ్ళింది, రెండోది 'గొడవలు' అన్న ఒక్క మాటతో సరిపోయింది. నేను కళాశాలలో చరిత్ర బోధించిన సంవత్సరాలన్నింటిలో, ఈ రెండూ ఒకే కాలంలో జరిగాయని తెలిసిన విద్యార్థులు నాకు అరుదుగానే తారసపడ్డారు.

ఈ రెండింటినీ కలిపి చూసిన చిత్రం ఒకటి ఉంది. దీపా ధన్‌రాజ్ దర్శకత్వంలో, నవరోజ్ కాంట్రాక్టర్ ఛాయాగ్రహణంతో, 'హైదరాబాద్ ఏక్తా' అనే పౌరబృందంతో కలిసి తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' 1986లో పూర్తయింది. రెండు మతాల మధ్య అనాదిగా వైరం ఉందని, అది అప్పుడప్పుడు దానంతట అదే రాజుకుంటుందని అందరూ తేలిగ్గా అనే మాటను ఆ చిత్రం ఒప్పుకోలేదు. వీధుల మీద పట్టు కోసం, ఓట్ల కోసం రెండు వైపుల నాయకులూ జనాన్ని ఎలా కూడగట్టారో, ఆ కూడగట్టడానికి పండుగ ఊరేగింపులు ఎలా సాధనాలయ్యాయో, చివరికి కర్ఫ్యూ భారం ఎవరి మీద పడిందో వరుసగా చూపించింది. సామూహిక నిమజ్జనం, దానికి పోటీగా ముస్లింలు తీసే పంఖా జులూస్ అనే ఊరేగింపు, ఈ రెండూ పెద్దవై నగర రాజకీయాన్ని నడిపించడం మొదలైంది 1970ల చివర, 1980ల మొదట్లోనే గనుక, చిత్రబృందం మార్పు జరుగుతున్న సమయంలోనే కెమెరా పట్టుకుని అక్కడ ఉన్నట్టయింది. అలాంటి అవకాశం చరిత్రకారులకు దొరకదు. మేము కాగితాలు వెతుక్కుంటూ ముప్ఫై ఏళ్ళ తరువాత వెళతాం.

ఈ చిత్రం మళ్ళీ వెలుగులోకి వచ్చిందంటే కారణం హైదరాబాద్ కాదు. బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే చలనచిత్ర సంస్థ దాన్ని పునరుద్ధరించగా 2013లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో మళ్ళీ ప్రదర్శించారు. దీపా ధన్‌రాజ్ అంతకుముందు 'యుగాంతర్' బృందంలో ఉండగా, మన స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి 1983లో తెలుగులో తీసిన 'ఇది కథ మాత్రమేనా' అనే లఘుచిత్రాన్ని కాపాడింది కూడా ఆ సంస్థే. ఇంట్లో ఆడవాళ్ళు పడే హింస గురించి హైదరాబాద్ స్త్రీలే తమ అనుభవాలు కలబోసుకుని తయారు చేసుకున్న చిత్రం అది. జర్మనీవారికి కృతజ్ఞతలు చెప్పవలసిందే. కానీ మన నగరం తన గురించి తాను తెలుసుకోవడానికి పనికివచ్చే చిత్రం జర్మనీలో భద్రంగా ఉండి, ఇక్కడ ఒక ప్రభుత్వ గ్రంథాలయంలోనైనా దొరకని స్థితి గురించి సాంస్కృతిక శాఖ ఎన్నడూ ఆలోచించినట్టు కనబడదు.

చూస్తే ఏమవుతుంది, పాత గాయాలు రేపడం తప్ప, అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఆ ప్రశ్నను నేను కొట్టిపారేయను. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళను పోగొట్టుకున్నవారు ఈనాటికీ ఆ వీధుల్లోనే ఉన్నారు, వాళ్ళ మాటకు విలువ ఇవ్వాలి. అయితే గాయం మానిందా లేదా అన్నది చూడకుండా ఎలా తెలుస్తుంది? 1984ను మన సమాజం తీరికగా పరిశీలించలేదు. 1990 డిసెంబరులో అంతకన్నా ఘోరమైన కలహాలు జరిగాయి, ఆ నెలలోనే చెన్నారెడ్డి దిగిపోయి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. రెండుసార్లూ ముఖ్యమంత్రి పీఠం కదులుతున్నప్పుడే పాతబస్తీ తగలబడటాన్ని యాదృచ్ఛికమని నమ్మేవాళ్ళు నమ్మవచ్చు. నా విద్యార్థులు దాని మీద వాదించుకోవాలని, ఆ వాదనకు ముందు ఆ కాలపు ముఖాలను, గొంతులను వాళ్ళు చూసి విని ఉండాలని నేను కోరుకున్నాను. పుస్తకంలో 'కర్ఫ్యూ' అని చదవడం ఒకటి. రెండు గంటల సడలింపులో పాల ప్యాకెట్టు కోసం, బియ్యం కోసం ఎవరు ఎక్కడికి పరుగెత్తారో, రోజు కూలి లేకపోతే ఆ పూట పొయ్యి వెలగని ఇళ్ళలో ఏం జరిగిందో ఆ మనుషులే చెప్పగా వినడం వేరు.

ఇక్కడ తీసేవాళ్ళతో కూడా కొన్ని మాటలు చెప్పాలి. చీలిన ఊరి మీద చిత్రం అనగానే కెమెరాలన్నీ కత్తుల మీదికి, జెండాల మీదికి, మైకుల ముందు ఊగిపోయే నాయకుల మీదికి పోతున్నాయి. అవి అవసరమే, కానీ ఊరంటే అంతే కాదు. లాడ్ బజార్‌లో లక్క గాజుల పని చూడండి. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, సాగదీసి, చుట్టి, అది చల్లారేలోపే చిన్న చిమటాతో ఒక్కొక్క రాయీ అద్దుతారు. ఆ పని చేసేది ఎక్కువగా ముస్లిం కుటుంబాలవారు, ఇళ్ళలో ఆడవాళ్ళు. ఆ గాజులు కొనేది పెళ్ళి బట్టలతో పాటు జత కలుపుకోవడానికి జిల్లాల నుంచి వచ్చే హిందూ కుటుంబాలు. పెళ్ళిళ్ళ కాలంలో వారం రోజులు చార్మినార్ మూతపడితే ఏ ఇంట్లో ఎంత నష్టమో లెక్క తీసిన చిత్రం ఏ నాయకుడి ఉపన్యాసం కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇంకో ఉదాహరణ. ఆషాఢంలో అక్కన్న మాదన్న మహంకాళి ఆలయం నుంచి బోనాల ఘటం ఏనుగు మీద ఊరేగుతుంది. ముహర్రం పదో నాడు దబీర్‌పురాలోని బీబీ కా అలావా అనే ఆషూర్‌ఖానా నుంచి బీబీ కా ఆలం అనే పవిత్ర పతాకం ఏనుగు మీదనే చాదర్‌ఘాట్ దాకా వెళుతుంది. నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని రజని అనే ఏనుగు కొన్నేళ్ళ పాటు అటు అమ్మవారి ఘటాన్నీ ఇటు ఆలాన్నీ మోసింది. ఆ ఏనుగును సిద్ధం చేసిన మావటిని, బాటలో పందిళ్ళు వేసి మంచినీళ్ళు ఇచ్చిన రెండు మతాల వాళ్ళను, బందోబస్తు చేసిన పోలీసులను, ఏనుగు విషయంలో ఏటా అనుమతుల కోసం తిరిగిన కమిటీ పెద్దలను పట్టుకుని ఓపికగా ఒక చిత్రం తీస్తే అందులో నగర రాజకీయం మొత్తం కనబడుతుంది. పల్లెల్లో పీర్ల పండుగ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క ముస్లిం కుటుంబం కూడా లేని ఊళ్ళలో పీర్లను ఎత్తుకునేది, మలీద పంచేది హిందువులే. ఆ ఆచారం ఇప్పుడు ఏ ఊళ్ళో ఎందుకు తగ్గిపోతున్నదో, ఎవరు వచ్చి ఏం చెప్పాక తగ్గిందో నమోదు చేయడానికి ఇదే సమయం. ఇంకో తరం దాటితే అడగడానికి మనుషులు ఉండరు.

చిత్రం తీసేవాళ్ళ బాధ్యతల్లో నేను అన్నింటికన్నా ముందు పెట్టేది, కెమెరా ముందు మాట్లాడినవాళ్ళ క్షేమం. బృందం సామాను సర్దుకుని వెళ్ళిపోతుంది, మాట్లాడినామె ఆ గల్లీలోనే ఉంటుంది. పక్కింటివాళ్ళ గురించి, బస్తీ నాయకుడి గురించి, పోలీసుల గురించి ఆమె అన్న మాటకు రేపు జవాబు చెప్పుకోవలసింది ఆమే. కాబట్టి కాగితం మీద సంతకం పెట్టించుకుంటే సరిపోదు. కూర్పు పూర్తయ్యాక, ఏ ఉత్సవానికీ పంపక ముందే, అందులో కనబడే వాళ్ళకు చూపించి, ఫలానా మాట తీసేయమంటే తీసేయాలి. ఆ చూపించడం కూడా వాళ్ళ భాషలో జరగాలి. ఉర్దూలో, తెలుగులో మాట్లాడిన మనుషుల మీద తీసిన చిత్రానికి కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మాత్రమే వేస్తే, ఉర్దూ రాని తెలుగువారికి, తెలుగు రాని ఉర్దూవారికి పక్కింటివాళ్ళు ఏమన్నారో ఎలా తెలుస్తుంది? ఒకరి మాట ఒకరికి వినబడటమే కదా ఇలాంటి చిత్రం వల్ల మొదటి ప్రయోజనం.

ఇది జరగని పని కాదని చెప్పడానికి మన దగ్గరే నిదర్శనం ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు, వాళ్ళలో బడి ముఖం చూడనివాళ్ళు కూడా, వీడియో కెమెరా నేర్చుకుని సొంతంగా చిత్రాలు తీశారు. వరంగల్ ప్రాంతపు బీటీ పత్తి రైతుల కష్టాలను వరుసగా కొన్ని పంటకాలాల పాటు చిత్రించి, తోటి రైతులకు చూపించారు. కెమెరాను పైనుంచి కిందికి పెడితే వాళ్ళు దాన్ని పటేల్ షాట్ అన్నారు, ఎత్తున ఉన్న పటేలు కూలోళ్ళను చూసే తీరు అది గనుక. కింది నుంచి పైకి పెడితే బానిస చూపు. ఎదుటి మనిషి కళ్ళకు సమానమైన ఎత్తులో పెడితే సంఘం షాట్, సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుని మాట్లాడుకుంటారు కాబట్టి. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏళ్ళ తరబడి నేర్చుకునే విషయాన్ని వాళ్ళు తమ ఊరి కులం నుంచి, కూలి నుంచి గ్రహించారు. కులం చీల్చిన ఊళ్ళో కెమెరా ఎంత ఎత్తులో ఉందన్నది కూడా రాజకీయమే.

ప్రదర్శనలకు వచ్చే అడ్డంకుల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తి అవుతుంది. అయోధ్య వివాదం మీద ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'రామ్ కే నామ్' సెన్సారు ధ్రువపత్రం పొందిన చిత్రం, జాతీయ పురస్కారం అందుకున్న చిత్రం, బొంబాయి హైకోర్టు ఆదేశం మీద దూరదర్శన్ దేశమంతటికీ ప్రసారం చేసిన చిత్రం. అలాంటి దాన్ని 2019 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు చూస్తుంటే పోలీసులు వచ్చి ఆపించారు, కొందరిని అదుపులోకి తీసుకున్నారు. 2024 జనవరిలో సైనిక్‌పురిలో ఒక కెఫేలో సినిమా అభిమానులు వేసుకున్న అదే చిత్రం ప్రదర్శన మధ్యలో ఆగిపోయింది, నిర్వాహకులను అరెస్టు చేశారు. రెండు సందర్భాల్లో రాష్ట్రంలో అధికారంలో ఉన్నది వేర్వేరు పార్టీలు. కాబట్టి దీన్ని ఒక పార్టీ మీద ఆరోపణగా తీసుకోవద్దని మనవి.

చట్టం విషయానికి వస్తే, 1970లో కె.ఎ. అబ్బాస్ తన డాక్యుమెంటరీ మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు ముందస్తు సెన్సారును సమర్థించిన మాట వాస్తవం. కానీ రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ చిత్రం విషయంలో 1989లో ఎస్. రంగరాజన్ కేసులో ఇచ్చిన తీర్పులో అదే న్యాయస్థానం, ఎవరో గొడవ చేస్తామని బెదిరించినంత మాత్రాన భావప్రకటనను అణచకూడదని, ఆ గొడవను అదుపు చేయడం ప్రభుత్వ విధి అని, తన వల్ల కాదని ప్రభుత్వం చేతులెత్తేయడానికి వీల్లేదని స్పష్టంగా చెప్పింది. శాంతిభద్రతల పేరుతో ప్రదర్శన ఆపే ప్రతి అధికారీ ఆ తీర్పు చదివి ఉండాలి. బెదిరించినవాణ్ని వదిలి, కుర్చీలు వేసి తెర కట్టినవాణ్ని పట్టుకుపోవడం ఆ తీర్పుకు పూర్తిగా విరుద్ధం. సెన్సారు బోర్డు నిర్ణయాల మీద అప్పీలుకు ఉన్న ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేయడంతో చిన్న నిర్మాతలు ఇప్పుడు నేరుగా హైకోర్టు మెట్లెక్కాలి. చందాలు పోగు చేసి చిత్రం తీసిన వాళ్ళకు ఆ ఖర్చు భరించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

పోలీసుల భయాన్ని నేను అర్థం చేసుకోగలను. పండుగ ముందు రోజు, ఉద్రిక్తత ఉన్న వీధిలో ఫలానా చిత్రం వద్దు, పది రోజులాగి వేసుకోండి అంటే వినడానికి అభ్యంతరం ఉండనక్కర్లేదు. కానీ ఎక్కడిదో ఎప్పటిదో తెలియని అరనిమిషం వీడియో ముక్కకు ఒక అబద్ధపు వ్యాఖ్య తగిలించి వాట్సాప్‌లో లక్షలమందికి పంపుతుంటే అడిగేవాడు లేడు. గంటన్నర పాటు ముందూ వెనుకా చెప్పి, రెండు వైపులా వినిపించి, చివర్లో చర్చ పెట్టే చిత్రానికేమో అనుమతి కావాలి. ఈ తేడాను నేను ఒప్పుకోలేను. చిత్రం ఒక పక్షం తీసుకుందని కొందరు అంటారు. తీసుకుంటే తీసుకుంది, ఆ సంగతి దాచకుండా చెబితే చాలు. టీవీ చర్చల్లో ఇద్దరికీ చెరో పది నిమిషాలు ఇచ్చి ఇద్దరి చేతా అరిపిస్తే నిజం బయటికి రావడం మనం ఎన్నడూ చూడలేదు.

ఇక నా వినతులు. తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల సంస్థలో, అదే మనం ఆర్కైవ్స్ అని పిలిచే చోట, మొఘలుల కాలం నుంచి ఫార్సీ, ఉర్దూ పత్రాలు భద్రంగా ఉన్నాయి. అక్కడ చలనచిత్రాలకు, వీడియోలకు ఒక విభాగం తెరవాలని తెలంగాణ ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ అలాంటి ఏర్పాటు చేయాలి, కారంచేడు (1985), చుండూరు (1991) దళిత హత్యాకాండల కాలం నాటి దృశ్యాలు, గొంతులు ఎవరి దగ్గర ఏ టేపుల్లో మిగిలి ఉన్నాయో వెతికించాలి. ఉమ్మడి రాష్ట్రంలో నంది పురస్కారాల్లో డాక్యుమెంటరీలకు ఒక విభాగం ఉండేది. ఆ పురస్కారాలు పొందిన చిత్రాల ప్రతులన్నీ సేకరించడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు. బెర్లిన్ సంస్థను, చిత్ర దర్శకులను అడిగి పునరుద్ధరించిన ప్రతులను తెప్పించుకోవడం ఆ తరువాతి పని. తెచ్చినవి తాళం వేసి పెట్టకుండా, జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో నెలకొకటి చొప్పున తెలుగు, ఉర్దూ సబ్‌టైటిల్స్‌తో ఉచితంగా ప్రదర్శించాలి. ఇప్పటికి హైదరాబాద్‌లో ఈ భారమంతా సుందరయ్య విజ్ఞాన కేంద్రం, లామకాన్ వంటి కొన్ని వేదికలే మోస్తున్నాయి.

ఇందులో ఆలస్యానికి తావు లేదు. యూమాటిక్, బీటాకామ్, హై-8 వంటి పాత వీడియో టేపులు చాలామంది కార్యకర్తల, పాత్రికేయుల ఇళ్ళలో అటకల మీద, బీరువాల అడుగున పడి ఉన్నాయి. మన వానాకాలపు తేమకు వాటి మీద బూజు పడుతుంది, పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, వాటిని ఆడించే యంత్రాలు బాగుచేసేవాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు. అలాంటి టేపులు ఉన్నవారు వాటిని పాత సామానుకు వేయవద్దని, వాటి మీద ఊరి పేరు, సంవత్సరం, ఎవరు తీశారు అన్నవి రాసిపెట్టుకోవాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

మీకూ ఒక మనవి. ప్రతి శుక్రవారం విడుదలయ్యే సినిమాలకు మీరు పేజీలు కేటాయిస్తున్నారు. మన ఊళ్ళ మీద వచ్చిన డాక్యుమెంటరీలకు, అవి ఎక్కడ ఎప్పుడు ప్రదర్శిస్తున్నారో తెలిపే సమాచారానికి వారానికి అరపేజీ కేటాయించండి. ఆపివేసిన ప్రదర్శనల వార్త మాత్రమే రాయకుండా, ఆ చిత్రంలో ఏముందో మీ విలేకరి చేత చూసి రాయించండి. ఆర్కైవ్స్ విభాగం గురించి సంబంధిత శాఖల వివరణ అడిగి మీ పత్రికలో ప్రచురిస్తే, దాని మీద మరోసారి రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్